సోమప్ప గుండుకు తలకట్లు

ముదిగుబ్బ,
మంగళవారం.

నాకు కోపం వచ్చినా ప్రార్థనలో పేరు మరవని నా చెల్లెలు సుజాతకు,

ఒక మాట అడుగుతాను, దాటవేయకుండా చెప్పు. చదవడానికి వీల్లేకుండా రాసినదాన్ని రాత అంటారా, గోడకు పట్టిన చెమ్మ అంటారా?

నిన్న బెంగళూరు నుంచి వచ్చి దిగాము. మీ జ్యోతి వదిన ఇంకా మోకాళ్ళు పట్టుకొని కూర్చుంది. తోడబుట్టినది కార్డు పంపి పిలిచింది కదా అని ఉపవాస ప్రార్థన కూడా వాయిదా వేసుకొని నీ బొమ్మల ప్రదర్శనకు వచ్చాను. వచ్చి ఏం చూశాను? చలి పుట్టించే హాలు, తెల్లటి గోడలు, గోడకొక దుప్పటంత గుడ్డ, గుడ్డ నిండా మసి పూసిన అక్షరాలు. వాటిని అక్షరాలంటే నా నోటికే పాపం. ఒక్కదానికీ తలకట్టు లేదు, గుడి లేదు, ఎత్వం లేదు, ఓత్వం లేదు. తిరుపతిలో గుండు కొట్టించుకొని దిగినవాళ్ళ మాదిరి వరసగా నిలబడి ఉన్నాయి. ఇది కనా, కినా, కొనా? అడిగితే ఎవరు చెబుతారు? నువ్వు చెప్పవు. నవ్వుతావు.

గుడ్డ పక్కన చిన్న కార్డు. ఎవరో పెద్ద విమర్శకుడు రాశాడట. 'ఈమె లేఖనంలో భాష తన గైర్హాజరును తానే మోస్తూ మౌనపు ఉపరితలాన్ని ప్రశ్నిస్తుంది.' రెండుసార్లు చదివి జ్యోతికి వినిపించాను.

"యాడికి మోస్తాదంట?" అంది.

"యాడికే. తాడిపత్రి పక్కన యాడికి అని ఊరుండాది కదా, ఆడికి," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నీ ప్రదర్శనలో మేము నవ్వింది ఆ ఒక్క చోటే. ఈ వాక్యం నేను మందిరంలో చెప్పి ఉంటే మన విశ్వాసులు ఆమేన్ అనరు, చెప్పులు వెతుక్కుంటారు.

పెద్ద కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకామె నా దగ్గరికి వచ్చి, "మీకేమనిపిస్తోందండీ?" అని అడిగింది. "తల్లీ, ఈ అక్షరాల తలకాయలు ఎవరు నరికినారు?" అన్నాను. ఆమె చప్పట్లు కొట్టింది. ఆ మాట రాసుకుంది. "మీరు కూడా ఈ ప్రాజెక్టులో భాగమా?" అంది. "భాగం కాదమ్మా, అన్నను," అన్నాను. అదీ రాసుకుంది! మన మాట రాసుకోవడానికి మనుషులున్నారు, నీ రాత చదవడానికే ఒక్కరూ లేరు.

నీ పనితీరు చెప్పావే, అది వింటూ బస్సులో పళ్ళు కొరుక్కుంటూ వచ్చాను. "పొద్దున లేస్తానే ముందు రాస్తానన్నా. బొమ్మ తర్వాత. రాసి, పైన పూసి, గీకి, మళ్ళా రాస్తా. రాయకపోతే నాకు గీత రాదు." రాసి గీకేదానికి రాయడమెందుకు? సంగటి కెలికి కుడితిలో పోసేదానికి పొయ్యి ఎందుకు? దర్శనం కనబడితే పలక మీద తేటగా రాయి, పరుగెత్తేవాడు కూడా చదవగలిగేట్టు రాయి అని దేవుడు ప్రవక్తకు చెప్పాడు. మసి పూసి పెట్టు, చదవలేనివాడు చప్పట్లు కొడతాడు అని చెప్పలేదు. విందులో తాగి కూర్చున్న రాజు ఎదుట గోడ మీద ఒక చెయ్యి రాసిందని నువ్వు అనబోతావు, నాకు తెలుసు. అది చదవలేకపోవడం రాజు పాపం, రాసిన చేతి గొప్ప కాదు.

ఇక నువ్వు అడిగిన రెండు సంగతులు. నీ బొమ్మల పుస్తకంలో నాయన గురించి నన్ను నాలుగు ముక్కలు రాయమన్నావు. రాయను. గైర్హాజరును మోసే ఆయన చేతనే మోయించుకో. రెండోది, నాయన పేరుతో ఊరంతా పిలిచే రోడ్డు పక్క బండను, ఆ సోమప్ప గుండును, రోడ్డు వెడల్పు పనిలో పగలగొట్టేలోపు వచ్చి, పెద్ద కాగితం పరిచి, బొగ్గు రుద్ది, నాయన రాతను అచ్చు తీసుకుంటానన్నావు. ఉన్నది ఉన్నట్టు, తలకట్లు లేకుండా. అదీ జరగదు. దేనికి జరగదో తర్వాతి ఉత్తరంలో రాస్తాను. ఇప్పుడు రాస్తే కలం విరుగుతుంది.

నీ శరీర సంబంధమైన అన్న, ఆత్మ సంబంధమైన తగువులో నీ ప్రతివాది,
యేసన్న

*

ముదిగుబ్బ,
గురువారం.

మొండిదానివైనా నా చేతుల్లో పెరిగిన సుజాతకు,

నా ఉత్తరాన్ని జ్యోతి ఫోటో తీసి పంపింది, నీ జవాబు కూడా ఆమె ఫోన్లోనే వచ్చింది. ఆమే చదివి వినిపించింది. "నాయన చెయ్యి ఆగినకాడ ఆగినట్టే ఉండనీ అన్నా" అన్నావు. బాగుంది. చివర్లో ఒక బాణం వేశావు: "వ్యభిచారంలో పట్టుబడిన ఆమెను తెచ్చి నిలబెట్టినప్పుడు ప్రభువు వంగి నేల మీద వేలితో రాసినాడే, ఏం రాసినాడో చెప్పన్నా. ఒక్కరన్నా చదివినారా?"

అరణ్యంలో సైతాను కూడా వాక్యం ఎత్తే మాట్లాడాడు. నీకు ఇంతకంటే జవాబు ఇవ్వను.

జ్యోతి మాత్రం వంట మానేసి, "ఏమయ్యా, నిజంగా ఏం రాసింటాడు?" అని నిన్నటి నుంచి అడుగుతూనే ఉంది. ఇంట్లోకి కూడా తెచ్చి పెట్టావు కదా నీ చదవరాని రాతను!

సరే, సంగతికి వస్తాను. నాయన పోయినప్పుడు నువ్వు అమ్మ చంకలో ఉన్నావు. నాయన ముఖం నీకు గుర్తులేదు. నీకు తెలిసిన నాయన అంటే ఆ గుండు మీది తలకట్లు లేని వరస ఒక్కటే. దాన్ని చూసి అక్షరాలు నేర్చుకొని, పలక మీద కూడా తలకట్లు పెట్టక బడిలో దెబ్బలు తిన్నావు. ఆ దెబ్బలను ఇప్పుడు బెంగళూరులో గోడకు తగిలించి కళ అంటున్నావు. నాకు నాయన ముఖం గుర్తుంది, చెయ్యి గుర్తుంది. ఆయన ఎట్లా రాసేవాడో నువ్వు నా దగ్గర నేర్చుకో.

అంగడి పేర్లు, మోటారు పంపుల బొమ్మలు, పార్టీ గుర్తులు, వాక్యాలు, ఏ పని దొరికితే ఆ పని రాసేవాడు. ఎవరి పని చేస్తున్నాడో ఇంట్లో చెప్పే అలవాటు లేదు. వరస మొత్తానికి ముందు అక్షరాల ఒళ్ళు రాసేవాడు, కొమ్ములతో సహా. తర్వాత దిగి వచ్చి బువ్వ తినేవాడు. తిన్నాక సన్న బ్రష్షు పట్టుకొని తలకట్లు, గుడులు, ఎత్వాలు అన్నీ ఒక్క ఊపులో పెట్టుకుంటూ పోయేవాడు. ఆకలి మీదుంటే తలకట్టు వణుకుతుందట. "ఒళ్ళు అందరిదీ ఒకటేరా, తల పెడితేనే ఎవరో తెలిసేది," అనేవాడు. ఆ ఎండాకాలం గుండు మీద ఒళ్ళు రాసి, బువ్వ కోసం దిగి, కింద నీడలో ఒరిగిపోయాడు. వడదెబ్బ. అమ్మ సంగటి తీసుకొని పోయేసరికి బ్రష్షు ఇంకా తడిగా ఉందట.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని మాట చెబుతాను. నాకు నత్తి ఉండేదని నీకు ఎవరైనా చెప్పారా? చెప్పి ఉండరు, ఇప్పుడు నన్ను చూసి ఎవరు నమ్ముతారు? నా పేరు నేను చెప్పుకోవడానికి కూడా చెమట పట్టేది. బడిలో పిల్లలు నన్ను 'పంచరు' అని పిలిచేవాళ్ళు, గాలి పోతున్నట్టు ఉంటుందని. అంగడికి పోయి బెల్లం అడగలేక ఉప్పు తెచ్చినవాణ్ణి, ఉప్పు మాట సులభంగా వస్తుందని. అమ్మ బెల్లానికి బదులు ఉప్పు చూసి తల కొట్టుకుంది.

నాయనను పూడ్చిపెట్టి వస్తూ అందరం గుండు దగ్గర ఆగాము. పాస్టరుగారు తలెత్తి చూసి, "సోమప్ప ఏం రాస్తా పోయినాడబ్బా?" అన్నాడు. అక్షరాలకు తలలు లేవు. ఎవరికీ అందలేదు. నేను చూశాను. నాయన ఎన్నో బండల మీద రాసిన వాక్యమే అది, 'నీ నోరు బాగా తెరువు, నేను నింపుతాను' అని దేవుడు అన్న మాట. దాన్ని కురచ చేసి రెండు మాటలు రాశాడు. నేను ఆ అక్షరాలకు మనసులోనే తలలు పెట్టుకొని, "నోరు తెరువు" అని పైకి చదివాను. సుజాతా, ఒక్క తొట్రుపాటు లేదు! నూనె రాసిన బండి ఇరుసులా తిరిగింది నాలుక. పాస్టరుగారు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "మీ నాయన నీకే రాసి పోయినాడు," అన్నాడు. ఆ రోజు తెరిచిన నోరు ఇంతవరకూ మూయలేదు. ఉరవకొండ సభలకు ఆ గుండు ఫోటో వేసి కరపత్రాలు పంచాను. మోషే నోటి మాంద్యం గలవాడు, నేనూ అంతే అని చెప్పి వందలమందిని ఏడిపించాను.

అది నా పిలుపు. నీకేమో బొగ్గు రుద్దుకునే సరుకు! నాయన బువ్వ తినలేదు, అందుకని తలలు పెట్టలేదు. పని మధ్యలో ఆగింది. ఆగిన పనిని పూర్తి చేసేవాడు కొడుకు. ఆగిన పనికి ఫ్రేము కట్టి అమ్ముకునేది ఎవరో నువ్వే చెప్పుకో.

ఎర్ర రంగు డబ్బా, సన్న బ్రష్షు తెచ్చాను. శనివారం పొద్దున నిచ్చెన వేస్తాను. న మీద ఓత్వం, త మీద ఎత్వం, మిగతావాటికి తలకట్లు. గుండు పగిలిపోయేదే. పగిలేలోపు ఒక్క రోజైనా రోడ్డు మీద పోయే ప్రతివాడూ 'నోరు తెరువు' అని చదివి పోవాలి. నువ్వు రావద్దు. వస్తే నిచ్చెన మీద నుంచే వాక్యం చెబుతాను, తట్టుకోలేవు.

మధ్యలో ఆపని,
యేసన్న

*

సోమప్ప గుండు దగ్గర,
శనివారం మధ్యాహ్నం.

నా సుజాతకు,

రోడ్డు పని వాళ్ళు పారేసిన సిమెంటు సంచి మీద కూర్చొని రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే నోరు లేదు. ఎందుకు లేదో చదువు. రాయడం అయిపోతూనే జ్యోతి దీన్ని ఫోటో తీసి నీకు పంపుతుంది.

పొద్దున నిచ్చెన వేశాము. జ్యోతి కింద పట్టుకుంది. నేను పైకెక్కి, ఒక కీర్తన పాడి, బ్రష్షు రంగులో ముంచాను. గుండు వెనక పక్క జేసీబీ కంప పెరుకుతూ ఉంది. ఆ సర్కారు కంప మనం చూస్తుండగానే గుండు వీపంతా మూసేసింది కదా, పాత బండ్ల దారి అటే పోయేదని కూడా మనకు మరుపు వచ్చింది. జేసీబీ తోలే ఆంజి అనే అతను బండి ఆపి, గుండు చుట్టూ తిరిగి వచ్చి కేకేశాడు.

"ఏమప్పా పాస్టరూ! ముందరేమో తలకాయల్లేకుండా రాసి, ఎనక మాత్రం బాగానే రాసినారే!"

"ఎనక ఏముండాది?" అన్నాను.

"ఏముండాదా? దిగొచ్చి సూడు. నేను సదివితే నువ్వు నమ్ముతావా?"

దిగాను. పోయి చూశాను.

సుజాతా, నాయన వెనక మొహం మీద కూడా రాశాడు. పాత దారికి ఎదురుగా. ఆ దారిన బండ్లు తోలేవాళ్ళకు చదువు రాదు, చదువు వచ్చిన మేము ఆ రోజు రోడ్డు వైపే నిలబడి చూశాం. ముందు అదే రాశాడు, బువ్వ తిన్నాడు, తలలు పెట్టాడు, కింద మూలన 'సోమప్ప' అని సంతకం కూడా చేశాడు. ఇన్నేళ్ళు కంప నీడలో ఉండి రంగు ఇటుకపొడి మాదిరి అయింది, అయినా ఒక్క గీత పోలేదు. అవే ఒళ్ళు. అదే ఎడం. ర కింద ఆయన పెట్టే పొడుగు కొమ్ము అదే.

'నీరు తరువు.'

నీళ్ళు నిలపండి, చెట్లు నాటండి అని ఏదో పథకం వాళ్ళు ఆ రోజుల్లో బండబండకూ రాయించిన నినాదం. నా తండ్రి నాకు రాసి పోయిన పిలుపు ఇది! న మీద గుడిదీర్ఘం పెడితే నీరు, ఓత్వం పెడితే నోరు. త మీద తలకట్టు పెడితే తరువు, ఎత్వం పెడితే తెరువు. ఓత్వం నేను పెట్టాను. ఎత్వం నేను పెట్టాను. నాయన పెట్టలేదు. ఆయన కూలి పని చేసుకుంటూ పోయాడు, నేను సీనాయి కొండ దిగి వచ్చినవాడి మాదిరి ఊళ్ళు తిరిగాను. మోషేకు దేవుడు తన వెనక పార్శ్వం చూపించి ముఖం దాచాడు. నాకు ఈ గుండు తన ముఖం చూపించి వెనక పక్క దాచింది, నేనేమో ముఖం చూసినవాణ్ణని ఎగిరెగిరి పడ్డాను. తలకాయలు ఎవరు నరికినారు అని నీ హాలులో అరిచాను కదా. లేని తలకాయలు అంటించినవాణ్ణి నేను. నీ విమర్శకుడు నాకంటే నయం, ఆయన రాసింది ఎవరికీ అర్థం కాదు కాబట్టి ఎవరూ మోసపోరు.

జ్యోతి కొంగు నోట్లో కుక్కుకొని, "నవ్వాల్నా ఏడ్వాల్నా చెప్పయ్యా, నాకు తెలీకుండా ఉండాది," అంది.

చెబుదామని నోరు తెరిచాను. న్... న్... అంటూ అక్కడే ఆగిపోయింది. నాకు మీసం రాని రోజుల్లో పోయిన నత్తి గుండు వీపు మీద నుంచి దిగి వచ్చి నాలుక మీద కూర్చుంది. న ఉంది. దాని తల దొరకలేదు. నా గొంతులో తలకట్టు లేని న నిలబడిపోయింది, నీ గుడ్డ మీద నిలబడినట్టే.

ఆంజి దగ్గరికి వచ్చాడు. "నీళ్ళా? నీళ్ళు కావాల్నా? ముందే చెప్పొచ్చు కదప్పా," అని తన సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. తాగాను. తాగాక ఒక్క మాట వచ్చింది. "ఆపు," అన్నాను.

"నేనేం ఆపేదప్పా, నాది కంప తీసే పని. గుండు పేల్చే మందు పెట్టేవాళ్ళు రేపు పొద్దున్నే వస్తారు. మీరేం చేసుకున్నా ఈ పొద్దే చేసుకోండి," అన్నాడు. జ్యోతి పోయి పైమనిషిని అడిగి వచ్చింది. ఆయన కూడా అదే చెప్పాడు. ఇంకొక రోజు ఇవ్వడు.

నేను రంగు డబ్బా మూత పెట్టేశాను. ఓత్వం పెడితే నాయన మీద అబద్ధం. గుడిదీర్ఘం పెడితే నన్ను కన్న మాట చచ్చిపోతుంది. ఆ రోజు నాయన బువ్వ తిని లేచి తలలు పెట్టి ఉంటే, గుండు మీద సర్కారు మాట ఒకటి ఉండేది, దాన్ని నేను నత్తితో చదివి ఇంటికి పోయి, ఈ రోజుకీ ఉప్పు తెచ్చుకుంటూ ఉండేవాణ్ణి. తల లేదు కాబట్టి నేను పెట్టుకున్నాను. చదవరాదు కాబట్టి చదివాను. ఇది రాస్తుంటే నాకే ఒళ్ళు మండుతోంది, ఎందుకంటే ఇది నువ్వు చెప్పాల్సిన మాట, నువ్వు చెప్పనే లేదు! ఊరికే నవ్వావు.

నువ్వు పొద్దున లేచి ముందు ఎందుకు రాస్తావో కూడా ఈ సంచి మీద కూర్చున్నాకే తెలిసింది. జెకర్యాకు మాట పడిపోయినప్పుడు పలక తెమ్మని సైగ చేసి బిడ్డ పేరు రాశాడు. రాసిన వెంటనే నోరు తెరుచుకుంది. ఆ భాగం మీద ఎన్ని ఊళ్ళలో ఎంత గొంతు చించుకున్నానో! రాత ముందు, నోరు తర్వాత అనేది ఒక్కసారి కూడా నాకు కనబడలేదు. నువ్వు బోధకురాలివి కావు, ఒక్క వచనం సరిగ్గా అప్పజెప్పలేవు, అయినా ఆ పని రోజూ చేస్తున్నావు. ఈ మూడు ఉత్తరాల్లో మొదటి రెండూ నేను తెరిచిన నోటితో రాశాను. అందుకే అవి అంత గట్టిగా ఉన్నాయి, అంత పనికిమాలినవిగా ఉన్నాయి. ఇది నోరు లేక రాస్తున్నాను.

రేపు ఆదివారం. మందిరంలో నిలబడాలి. నాలుక వస్తుందో రాదో తెలియదు. రాకపోతే పలక పట్టుకొని నిలబడతాను. ప్రభువు నేల మీద ఏం రాశాడో నాకు తెలియదని రాసి చూపిస్తాను. చదువుకోనీ.

నీ పుస్తకానికి నన్ను రాయమన్నావు. నాలుగు ముక్కలు లేవు, ఒక్కటే ఉంది. 'ఒళ్ళు మా నాయన రాసినాడు, తలలు మీరు పెట్టుకోండి.' దీనికి కామా కూడా మార్చవద్దు. గైర్హాజరును మోసే ఆయన కార్డు తీసేసి దీన్ని పెట్టు. వీలైతే ఆయన్ను యాడికి బస్సెక్కించు.

ఇక లే. చేతిలో ఏ బ్రష్షు ఉన్నా కింద పెట్టు. కాగితం ఎంత ఉంటే అంత చుట్టుకో, బొగ్గు తెచ్చుకో, దొరికిన బస్సు ఎక్కు. ముందు మొహమే అనుకొని కాగితం తక్కువ తెస్తావేమో, వెనక మొహం కూడా ఉంది, రెండూ తియ్యాలి. కళ్ళద్దాల ఆమెను మాత్రం తేవద్దు, నేను నత్తితో తిడితే అది కూడా రాసుకుంటుంది. నిచ్చెన తియ్యలేదు, గుండుకు ఆనించే ఉంది. జ్యోతి సంగటి తేవడానికి ఇంటికి పోతుంది. నీకూ ఒక ముద్ద ఎక్కువ కెలకమని రాసి చూపించాను. నువ్వు వచ్చి ముందు తిను, తర్వాత ఎక్కు. చెయ్యి వణకకూడదు.

రేపటికి ఇక్కడ గుండు ఉండదు, కంకర ఉంటుంది. సాయంత్రం వెలుతురు పోకముందే నువ్వు ఇక్కడ ఉండాలి. ఇది చదవడం ఆపి బయలుదేరు సుజాతా. ఈ పొద్దే. ఇప్పుడే.

నిచ్చెన పట్టుకొని నిలబడి ఉన్న నీ అన్న,
యేసన్న